ఒరేయ్ చిన్నా, మనసు బాగయ్యాక చేద్దామని కూర్చోకు

ఒరేయ్ చిన్నా,

నిన్న ఫోన్లో నువ్వు అడిగింది రెండే మాటలు. ఇది డిప్రెషనేనా అత్తా అని ఒకటి, మందులు లేకుండా తగ్గే దారి ఏమైనా ఉందా అని ఇంకోటి. ఫోన్లో సగం సగం చెప్పడం ఇష్టం లేక రాస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఒక్కసారిగా చదవలేకపోతే రెండు మూడు సార్లుగా చదువుకో. పది లైన్లు చదివేసరికి మొదటి లైను గుర్తుండట్లేదు అన్నావు కదా, అది నీ బద్ధకం కాదు, ఈ జబ్బు లక్షణాల్లో అదీ ఒకటి.

మన వైపు ఎవరూ "నాకు దిగులుగా ఉంది" అని ఆసుపత్రికి రారు. నేను పీహెచ్‌సీలో నర్సుగా పని చేసినన్నాళ్ళూ చూసింది తలనొప్పులు, కాళ్ళు లాగడం, గుండె దడ, కడుపుబ్బరం, ఒళ్ళంతా మంటలు. ఈసీజీ తీస్తే బాగానే ఉంటుంది, స్కానింగ్ బాగానే ఉంటుంది, ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుంటే రెండు రోజులు హుషారుగా ఉంటుంది, మూడో రోజు మళ్ళీ మామూలే. అలాంటివాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని "రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోందమ్మా" అని అడిగితే అప్పుడు అసలు సంగతి బయటికి వచ్చేది. మూడింటికో నాలుగింటికో మెలకువ, ఇక నిద్ర పట్టదు, ఆ చీకట్లో పాత తప్పులన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తాయి, పొద్దున్నే ప్రాణం మరీ ఉసూరుమంటూ ఉండి సాయంత్రానికి కాస్త తేరుకున్నట్టు ఉంటుంది. నువ్వు చెప్పిందీ అచ్చంగా అదే. మగవాళ్ళలో ఏడుపు కన్నా కోపం ఎక్కువ కనిపిస్తుంది, చీటికీ మాటికీ ఇంట్లోవాళ్ళ మీద విరుచుకుపడటం, తాగుడు పెరగడం, బండి ఇష్టం వచ్చినట్టు తోలడం. పెద్దవాళ్ళలో మతిమరుపులా కనిపించి పిల్లలు వయసైపోయిందిలే అనుకుంటారు.

మామూలు దుఃఖానికీ దీనికీ తేడా నీకు తెలిసిన మనిషి మీదే చెబుతాను. మీ తాతయ్య పోయినప్పుడు మీ నాన్న నెల్లాళ్ళు ఏడ్చాడు, కానీ మధ్యలో పెదకర్మకి వచ్చినవాళ్ళతో తాతయ్య చాదస్తాలు చెప్పుకుని నవ్వాడు కూడా, ఎవరైనా బలవంతపెడితే నాలుగు ముద్దలు తిన్నాడు. పోయిన మనిషి కోసం బాధపడ్డాడే తప్ప తనెందుకూ పనికిరానని అనుకోలేదు. డిప్రెషన్‌లో ఆ నవ్వు రాదు. బాధ కూడా ఎదుటి మనిషి మీద నుంచి తన మీదకి తిరుగుతుంది, నేనే చెడ్డవాణ్ణి, అందరికీ భారం అయిపోయాను అనిపిస్తుంది. డాక్టర్లు చూసే కొలత ఇది: మనసు కుంగిపోయి ఉండటం గానీ, ఇదివరకు ఇష్టమైనవి కూడా సహించకపోవడం గానీ, దాదాపు ప్రతి రోజూ, రోజులో ఎక్కువసేపు, రెండు వారాలు దాటి ఉందా అని. దానితో పాటు నిద్ర తగ్గడమో అతిగా పెరగడమో, తిండి తేడా, నీరసం, ఏకాగ్రత లేకపోవడం, తప్పంతా నాదే అన్న భావం, చావు ఆలోచనలు, వీటిలో ఎన్ని ఉన్నాయి, రోజువారీ పనులు ఎంత దెబ్బతిన్నాయి అన్నది చూస్తారు.

పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఉంటుంది. ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం 27. పదీ, అంతకన్నా ఎక్కువ వస్తే డాక్టరుతో మాట్లాడాల్సిందే. అయితే ఆఖరి ప్రశ్న చచ్చిపోవాలని అనిపించడం గురించి, దానికి ఒక్క మార్కు వేసినా సరే, మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే ఎవరికో ఒకరికి చెప్పాలి. ఈ రాత్రి నింపు. అబద్ధం రాయకు, అది నీ ఆఫీసు అప్రైజల్ కాదు.

ఇంకో పని, రక్తపరీక్ష. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా, బీ12 పడిపోయినా మనిషి ఇలాగే ఉంటాడు, నీరసం, మతిమరుపు, దేని మీదా ఆసక్తి లేకపోవడం. మీ ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు కాబట్టి బీ12 మీద నాకు గట్టి అనుమానం ఉంది. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి మింగేవాళ్ళలో కూడా అది తగ్గిపోవచ్చు, మీ నాన్నకీ చేయించు పనిలో పనిగా. థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, రక్తానికి హీమోగ్లోబిన్, బీ12, ఈ మూడూ చూడకుండా ఎవరూ నీ మనసు గురించి తీర్పు చెప్పకూడదు, నేను కూడా.

ఇక నువ్వు అడిగిన మందుల్లేని దారి. ఉంది. తక్కువగానో మధ్యస్తంగానో ఉన్నప్పుడు బాగా పని చేస్తుంది, ఎక్కువైనప్పుడు మందులకి తోడుగా పని చేస్తుంది. కానీ అందరూ ఒకచోటే ఆగిపోతారు, "మనసు కాస్త కుదుటపడనీ, అప్పుడు మొదలుపెడతా" అని. ఈ జబ్బులో అది తలకిందులు. మన వీధి చివర చేతిపంపు గుర్తుందా, ఎండాకాలం చెంబుడు నీళ్ళు పైనుంచి పోసి ఉత్తినే కొడుతూ ఉంటే గానీ కింద నీళ్ళు అందేవి కావు. అలాగే ఇష్టం లేకపోయినా ముందు పని చేయాలి, ఇష్టం తర్వాత, చాలా ఆలస్యంగా, కొంచెం కొంచెంగా వస్తుంది. ఇదేదో నేను అనుభవంతో చెప్పే మాట ఒక్కటే కాదు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో హెల్తీ యాక్టివిటీ ప్రోగ్రామ్ అని పెట్టి, డాక్టర్లు కాని మామూలు స్థానికులకి శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ బాగా ఉన్నవాళ్ళతో ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోబెట్టి ఈ పద్ధతే నేర్పించారు. 2017లో ఫలితాలు అచ్చయ్యాయి, నేర్చుకున్నవాళ్ళు మిగతావాళ్ళ కన్నా ఎక్కువగా కోలుకున్నారు. జింబాబ్వేలో అయితే 2006 నుంచి ఆసుపత్రుల ఆవరణలో బల్లల మీద నా వయసు ముసలమ్మలని కూర్చోబెట్టి ఈ పని చేయిస్తున్నారు. కాబట్టి నా మాట తీసిపారేయకు!

నీ విషయంలో దాన్ని ఇలా చేద్దాం. ఒక కాగితం మీద రేపటికి రెండు పనులే రాయి, టైముతో సహా. ఒకటి చేయక తప్పని పని, ఇంకోటి ఒకప్పుడు ఇష్టమైన పని. ఎంత చిన్నదనుకుంటున్నావో దాన్ని సగం చెయ్. గది శుభ్రం చేయడం అని రాస్తే నువ్వు చేయవు, టేబుల్ మీద కప్పులు కడగడం అని రాయి. షటిల్ ఆడటం అని రాయకు, కోర్టు దాకా వెళ్ళి పది నిమిషాలు చూసి రావడం అని రాయి. పని అయ్యాక ఎలా అనిపించిందో పదికి ఎన్ని మార్కులో పక్కన వేసుకో. మొదట్లో అన్నీ రెండు, మూడు వస్తాయి, వేసుకో ఫరవాలేదు. వారం తర్వాత చూస్తే ఏ పనికి ఒక మార్కు ఎక్కువ వస్తోందో నీకే తెలుస్తుంది, దాన్ని పెంచుతూ పో.

నిద్ర సంగతికి వస్తే, ఎన్నింటికి పడుకోవాలన్నది నీ చేతిలో లేదు, ఎన్నింటికి లేవాలన్నది ఉంది. రాత్రి నిద్ర పట్టినా పట్టకపోయినా ఆరున్నరకి లేచి బాల్కనీలోకో మేడ మీదకో వెళ్ళి వెలుతురులో నిలబడు. పొద్దుటి వెలుతురు కంట్లో పడితేనే ఒంటికి పగలేదో రాత్రేదో తెలిసి, రాత్రి నిద్ర దారిలోకి వస్తుంది. నువ్వు ఏసీ గదిలో కర్టెన్లు వేసుకుని పదింటిదాకా దొర్లి, మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఒంటికి ఏం తెలుస్తుంది. మధ్యాహ్నం తర్వాత కాఫీ టీలు వద్దు. మూడింటికి మెలకువ వస్తే మంచం మీద పొర్లకుండా లేచి వేరే చోట కూర్చుని ఏదైనా విను, ఫోన్ స్క్రీన్ మాత్రం చూడకు, ఆ టైములో వచ్చే ఆలోచనల మీద ఏ నిర్ణయమూ తీసుకోకు. అన్నట్టు ఉద్యోగం మానేస్తానన్నావు, అది కూడా ఇప్పుడు కాదు. సెలవు పెట్టు కావాలంటే. ఇల్లు అమ్మడం, ఉద్యోగం మానడం, పెళ్ళి చెడగొట్టుకోవడం లాంటివి ఈ జబ్బు తగ్గాక నిర్ణయించుకో.

రెండు పెగ్గులు వేస్తే నిద్ర పడుతోందని నువ్వు చెప్పలేదు, నీ రూమ్మేటు చెప్పాడు. పడుతుంది, నిజమే. కానీ రెండో సగం రాత్రి నిద్రని ముక్కలు చేసేదీ అదే, ఆ మూడింటి మెలకువలో దాని వాటా ఉంది. పైగా మర్నాటికి మనసుని ఇంకాస్త కుంగదీస్తుంది. తాగుడు మానడమే నీకు అన్నింటికన్నా పెద్ద సహజ వైద్యం అనుకో. రోజూ ఎక్కువగా తాగుతూ ఉంటే మాత్రం ఒక్కసారిగా మానేయకుండా డాక్టరుకి చెప్పి మానాలి, లేకపోతే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

నడక గురించి అందరూ చెబుతారు కాబట్టి తక్కువే రాస్తాను. వారానికి 150 నిమిషాలు కాస్త వేగంగా, అంటే రోజుకి అరగంట చొప్పున ఐదు రోజులు, అది చివరికి చేరాల్సిన లెక్క. మొదలు పది నిమిషాలు చాలు. ఒక్కడివే వెళ్ళకు, ఎవరినైనా కింద గేటు దగ్గర నిలబెట్టు, మనం రాకపోతే ఇంకొకరు ఎదురుచూస్తారన్న మొహమాటం చాలా పని చేస్తుంది. తిండి కూడా అంతే, వేళకి తినడమే ముఖ్యం. పప్పు, ఆకుకూర, పెరుగు, వేరుశనగలు, ఇవి చాలు. అర్ధరాత్రి తెప్పించుకునే బిర్యానీలు తగ్గించు. ప్రాణాయామం మంచిదే, నెమ్మదిగా ఊపిరి వదలడం వల్ల దడ తగ్గుతుంది. కానీ కళ్ళు మూసుకుని గంటల తరబడి ఒంటరిగా ధ్యానం మాత్రం ఇప్పుడు వద్దంటాను, ఊరికే కూర్చుంటే నీ బుర్ర ఎక్కడికి పోతుందో నీకు తెలుసు. దాని బదులు నలుగురితో కలిసి చేసేది ఏదైనా మంచిది, భజన, చర్చిలో పాటలు, క్రికెట్, ఏదైనా సరే.

మూలికలు. నెట్‌లో చూసి అశ్వగంధ తెప్పించానన్నావు. దాన్ని తక్కువ చేయను, కానీ అది థైరాయిడ్ మీద పని చేస్తుంది, నిద్రమాత్రలతో కలిస్తే మత్తు పెరుగుతుంది, కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. రక్తపరీక్ష అయ్యేదాకా డబ్బా మూతపెట్టు. సెయింట్ జాన్స్ వోర్ట్ అని విదేశీ మూలిక ఒకటి మీ అక్క డల్లాస్ నుంచి పంపిస్తానంటోందట. తక్కువ డిప్రెషన్‌కి అది పని చేస్తుంది గానీ, డిప్రెషన్ మాత్రలతో కలిస్తే ప్రమాదం, రక్తం పలచబడే మందుల్నీ గర్భనిరోధక మాత్రల్నీ పనిచేయకుండా చేస్తుంది. సహజం అన్నంత మాత్రాన సాధువని కాదు, గన్నేరు కూడా సహజమే. ఇక మెడికల్ షాపులో చీటీ లేకుండా ఆల్ప్రాజోలం అనే మత్తు మాత్ర తెచ్చుకోవడం మాత్రం చేశావో నేనే బస్సెక్కి వస్తా. కల్తీ కల్లులో కలిపేది అదే, అలవాటైతే వదిలించుకోవడం నరకం.

మీ అమ్మ దిష్టి తీయిస్తానంటే తీయించుకో, గుడికి రమ్మంటే వెళ్ళు, ఆవిడ మనసు కుదుటపడుతుంది, నీకూ రెండు గంటలు బయట గడుస్తాయి. పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయని ఎవరైనా అంటే మాత్రం నా దగ్గరికి పంపు. ఇంకో ఇంటి ఆడపిల్లని వైద్యంగా వాడకూడదు. "నీకేం తక్కువరా" అన్నవాళ్ళకి జవాబు చెప్పే ఓపిక ఇప్పుడు నీకు అక్కర్లేదు.

ఇవన్నీ మూడు నాలుగు వారాలు నిజంగా చేసి చూశాక కూడా మార్పు లేకపోతే సైకియాట్రిస్ట్ దగ్గరికి. అంతకుముందే వెళ్ళాల్సినవి ఉన్నాయి: చావాలనిపించడం, తిండీ స్నానం మానేయడం, ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం, కాన్పు తర్వాత తల్లికి ఇలా ఉండటం. ఇంకోటి, గతంలో ఎప్పుడైనా నిద్ర లేకుండానే రోజుల తరబడి విపరీతమైన హుషారు, అడ్డూ అదుపూ లేని ఖర్చు, వాగుడు ఉండి ఉంటే అది డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, అప్పుడు ఇచ్చే మందే వేరు. డిప్రెషన్ మాత్రలంటే నువ్వు భయపడుతున్నట్టు మత్తుమందులు కావు. పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, తగ్గాక కూడా సాధారణంగా ఆరు నెలలైనా వాడమంటారు, మనంతట మనం ఆపకూడదు. డబ్బు గురించి ఆలోచించకు, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది, గాంధీలోనూ ఉస్మానియాలోనూ సైకియాట్రీ ఓపీ ఉంది.

14416 నంబరు ఫోన్లో సేవ్ చేసుకో. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం పెట్టింది, ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. అమెరికాలో మీ అక్కకైతే 988. ఊళ్ళో మీ నాన్నకి కూడా చెప్పాను, చేనుకి తెచ్చిన పురుగుమందు ఇంట్లో పెట్టొద్దని, నువ్వు ఇక్కడికి వచ్చే లోపల తీసేస్తానన్నాడు. ఎందుకని కోప్పడకు. నిన్ను సూటిగానే అడుగుతున్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా? అడిగితే లేని ఆలోచన పుడుతుందని జనం భయపడతారు, పుట్టదు. అవును అయితే ఉత్తరానికి జవాబు రాయడం కాదు, వెంటనే ఫోన్ చెయ్, అర్ధరాత్రైనా సరే.

కాకపోతే ఆదివారం పదింటికి నేనే చేస్తాను. అప్పటికి పీహెచ్‌క్యూ మార్కులు, రక్తపరీక్ష రిపోర్టు వాట్సాప్‌లో పెట్టి ఉంచు. రెండు పనుల కాగితం కూడా ఫొటో తీసి పంపు, ఖాళీగా ఉన్నా పంపు.

మీ అత్త