ఆదివారం నడక: చేతిలో ఏదో ఒక పని పెట్టుకుని పోండి

(1975లో టెలిఫోన్ ఆపరేటరుగా చేరి, రిటైరయ్యాక ప్రతి ఆదివారం కర్నూలు వీధుల్లో తిరుగుతున్న మా శీర్షిక రచయిత్రి, ఈ నెల వచ్చిన ఉత్తరాలకు రాసిన జవాబులు.)

ప్రశ్న: విజయనగరం నుంచి బదిలీ మీద కర్నూలు వచ్చి ఆరు నెలలైంది. కొండారెడ్డి బురుజు పావుగంటలో చూసేశాను. ఇంకేముంది ఈ ఊళ్లో? రూములో ఉంటే ఏమీ తోచదు, బయటికొస్తే ఎండ. ఆదివారం వస్తోందంటే టెన్షన్.
– ఒక బ్యాంకు ఉద్యోగి, వెంకటరమణ కాలనీ

జవాబు: బాబూ, పావుగంట ఎక్కువే. మా మనవడు ఐదు నిమిషాల్లో ఎక్కి దిగి, "అవ్వా, ఐస్‌క్రీమ్" అన్నాడు. బురుజు చూడ్డానికని పోతే అంతే అవుతుంది. ఏదైనా పని మీద పోవాలి. నేను ఆదివారం గడప దాటేముందు ఇంట్లో ఏది చెడిపోయిందా అని వెతుకుతాను. తెగిన చెప్పు, జిప్పు ఊడిన సంచి, ఆగిపోయిన గడియారం, ఏదో ఒకటి దొరుకుతుంది. దొరక్కపోతే మా కోడలు, "మీరే పాడుచేసేలా ఉన్నారత్తయ్యా" అంటుంది.

పోయిన నెల ఒక గొడుగు పట్టుకుపోయాను. పుల్ల విరిగి ఏడాదైంది. బురుజు పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చునే పెద్దాయన దాన్ని విప్పి, మూసి, మళ్లీ విప్పి, "దీని పుల్లలు ఇప్పుడు రావమ్మా. ఇంకోదాంట్లోంచి పీకి ఏస్తా. గంట కూర్చోవల్ల" అన్నాడు. కూర్చున్నాను.

ఆ గంటలో బురుజును మొదటిసారి సరిగ్గా చూశాను. ఏళ్ల తరబడి దాని పక్కనుంచే డ్యూటీకి పోయినదాన్ని. అచ్యుతదేవరాయలు 1529 నుంచి 1542 దాకా విజయనగరాన్ని ఏలిన రోజుల్లో కట్టిన కోటలో మిగిలిన ముక్క ఇది. (మీ విజయనగరం కాదు బాబూ, హంపీ విజయనగరం.) పదిహేడో శతాబ్దంలో ఆలంపురాన్ని ఏలిన కొండారెడ్డిని ఇందులో బంధించారని, అందుకే ఆ పేరొచ్చిందని చెబుతారు. కట్టించిన రాజు పేరు ఎవరి నోటా నిలవలేదు. ఖైదీ పేరే నిలిచింది. ఆటోవాళ్లు రోజుకు వెయ్యిసార్లు ఆ ఖైదీ పేరే కేకేస్తుంటారు.

గొడుగు పెద్దాయన అడగకుండానే సొరంగం కథ ఎత్తుకున్నాడు. బురుజు కింద నుంచి, తుంగభద్ర కింద నుంచి గద్వాల కోట దాకా దారి ఉందట. "మీరు చూశారా?" అన్నాను. "మా నాయన చూసినాడు." "ఆయన లోపలికి పోయాడా?" పెద్దాయన దారం కొరికి, "ఆయనకు వాళ్ల నాయన చెప్పినాడులేమ్మా" అన్నాడు.

ఇంకో సంగతి కూడా గమనించాను. తొమ్మిదిన్నరకు ఒకసారి, పది దాటాక ఒకసారి ఆయన గోనెసంచి లాక్కుని జరిగాడు. నన్నూ జరగమన్నాడు. బురుజు నీడ ఎటు పోతే ఆయన అంగడి అటు పోతుంది. నలభై రూపాయలు తీసుకున్నాడు. గొడుగు ఇప్పుడు విచ్చుకుంటోంది కానీ ఒక పుల్ల మాత్రం వేరే రంగు.

మీ క్యారియర్ పిడి ఊడిందా? బ్యాగు బకిల్ పోయిందా? వచ్చే ఆదివారం దాంతో మొదలుపెట్టండి. ఎండ అన్నారు కదా, ఏడింటికల్లా బయటపడండి. పని ముగిసే లోపల మీకు ముగ్గురైనా పరిచయం కాకపోతే నాకు మళ్లీ రాయండి. పాతబస్తీ వైపు పోతే హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్ ఉంది. బీజాపూర్ సుల్తానుల తరఫున కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ సమాధి. పేరు కూడా బీజాపూర్‌దే. అక్కడ మాత్రం పనేమీ అక్కర్లేదు, చల్లగా ఉంటుంది.

ప్రశ్న: నేను హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. ఒక్కదాన్నే ఊరు తిరగాలని ఉంది. కానీ ఎక్కడ నిలబడినా "ఎవరికోసం చూస్తున్నావమ్మా?" అని అడుగుతారు. ఏం చెప్పాలి?
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: తల్లీ, ఈ ప్రశ్న నన్నూ యాభై ఏళ్లుగా అడుగుతున్నారు. నైట్ డ్యూటీ దిగి తెల్లారి నడిచి వస్తుంటే పాలవాళ్లు అడిగేవాళ్లు. ఇప్పుడు తెల్లజుట్టు చూసి "దారి తప్పినారా అవ్వా?" అంటున్నారు. తేడా అంతే.

నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. చేతిలో కొత్తిమీర కట్ట పెట్టుకో. నవ్వకు, నిజంగా చెబుతున్నా. ఉత్త చేతులతో నిలబడిన ఆడపిల్లను చూస్తే ఊరికి అనుమానం. కొత్తిమీర పట్టుకున్న పిల్ల పని మీద వచ్చినట్టు లెక్క, ఎంతసేపైనా నిలబడొచ్చు. ఇది న్యాయమా అంటే కాదు. కానీ ఊరు మారేదాకా నువ్వు హాస్టల్లో కూర్చోవడం ఇంకా అన్యాయం.

మొదట సి క్యాంప్ రైతుబజారుకు పో. పొద్దున్నే ఆడవాళ్లు ఎక్కువమంది ఉంటారు. పోయేటప్పుడు ఆ పేరు గురించి కూడా కాస్త ఆలోచించు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ఆఫీసులకు చాలినన్ని కట్టడాల్లేక గుడారాలు వేశారు. ఉద్యోగుల నివాసాలకు ఏ, బి, సి అని క్యాంపుల పేర్లు పెట్టారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. మూడేళ్ల రాజధాని పోయినా క్యాంపులు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు అక్కడ బెండకాయలు బేరమాడుతున్నాం.

ఆ బజారులోనే నాకో విచిత్రం జరిగింది. ఉల్లిగడ్డలు ఏరుకుంటుంటే వెనకనుంచి ఒక గొంతు, "రేటు చెప్పు ముందు, ముచ్చట్లు తర్వాత" అంది. నా చేతిలో గడ్డ అట్లే ఆగిపోయింది. ఆ గొంతు నాకు తెలుసు, మనిషి తెలియదు. ట్రంకాల్ రోజుల్లో (పరాయి ఊరికి మాట్లాడాలంటే మేం ఆపరేటర్లం లైను కలపాల్సిన రోజులు) వారానికి నాలుగుసార్లు తాడేపల్లిగూడానికి అర్జెంట్ కాల్ బుక్ చేసిన ఉల్లిగడ్డల వ్యాపారిది అది. మన జిల్లా ఉల్లిగడ్డ ఎక్కువగా పోయేది తాడేపల్లిగూడెం మార్కెట్టుకే కదా. లైను కలవగానే అటు మనిషి బాగోగులు అడుగుతాడు, ఈయన ఈ మాటే అంటాడు. మాటలు వినకూడదనేది మాకు నియమం. వినకపోతే లైను తెగిందో ఉందో ఎట్లా తెలుస్తుంది? అంతవరకే వినేవాళ్లం. (అంతవరకే అని ఆ రోజుల్లో అందరం చెప్పుకునేవాళ్లం.)

వెనక్కి తిరిగాను. ఎనభై దాటిన మనిషి, చేతికర్ర, పక్కన మనవరాలు. "గూడెం అర్జెంట్ కాల్ మీదే కదూ?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నేను మాత్రం మా పాత పద్ధతిలో, "త్రీ మినిట్స్ ఓవర్, పొడిగించమంటారా?" అన్నాను. అంతే, ఆయన కర్ర నేలకేసి కొట్టి, "నువ్వా తల్లీ! రేటు చెప్పే టయానికి ఆ మాట అనేదానివి. నీ వల్ల ఎంత పోగొట్టుకున్నానో నీకేం తెలుసు!" అన్నాడు. మనవరాలు భయపడింది. నేను నవ్వాను. తర్వాత ఆయనా నవ్వాడు. ఉల్లిగడ్డలు ఏరడం నాకు రాదని, మెడ సన్నగా ఎండినవి తీసుకోవాలని చెప్పి, నా సంచిలోవి సగం తీసేసి వేరేవి వేశాడు.

ఇట్లాంటివి నీకు జరగడానికి యాభై ఏళ్ల సర్వీసు అక్కర్లేదు తల్లీ, చెవులు తెరిచి ఉంటే చాలు. ఇయర్‌ఫోన్ తీసేయి. అది మాత్రం గట్టిగా చెబుతున్నా. ఇంకో మాట. సంకల్‌బాగ్ ఘాటుకు చీకటి పడ్డాక ఒక్కదానివే పోవద్దు. నేనూ పోను. ధైర్యం లేక కాదు, అక్కడ ఆ టైముకు మాట కలిపేందుకు మనుషులే ఉండరు.

ప్రశ్న: కర్నూలుకు కందెన వల్ల ఆ పేరు వచ్చిందంటారు. బండి చక్రాలకు పూసే కందెనేనా?
– ఒక పాఠకుడు, ఎమ్మిగనూరు

జవాబు: ఆ కందెనే. ఆలంపురం గుళ్లకు రాళ్లు మోసుకుపోయే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి చక్రాలకు కందెన పూసుకునేవట. అందుకని కందెనవోలు, కందనవోలు, చివరికి కర్నూలు. మనదంతా మెకానిక్ షెడ్డు పుట్టుక అన్నమాట. నాకైతే ఆ కథ నచ్చుతుంది. ఏ రాజు పేరో, దేవుడి పేరో కాకుండా పని పేరు.

ఎప్పుడైనా ఆలంపురం పోయి రండి. పాతిక కిలోమీటర్ల దూరం, నది దాటితే తెలంగాణ. జోగులాంబను చూసుకుని చాలామంది తిరిగి వచ్చేస్తారు. బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాల దగ్గర కాసేపు కూర్చోండి. తర్వాత కూడవెల్లి సంగమేశ్వరుడి గుడి చూడండి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునుగుతుందని దాన్ని రాయి రాయి విప్పి తెచ్చి ఆలంపురంలో మళ్లీ కట్టారు. రూపాల సంగమేశ్వరాన్ని కూడా అట్లాగే తెచ్చి మన ఊరి పక్కన జగన్నాథగట్టు మీద నిలబెట్టారు. ఒకప్పుడు బండ్ల మీద రాళ్లు పోయిన దారుల్లోనే, మా కాలంలో గుళ్లే లారీలెక్కి వచ్చాయి.

ప్రశ్న: కేసీ (కర్నూలు–కడప) కెనాల్ గట్టు మీద పొద్దున నడవొచ్చా? మా ఇంట్లో దాన్ని దోమల కాలువ అంటారు.
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: నడవొచ్చు, ముక్కు కాస్త గట్టిదైతే. నీళ్లు వదిలిన నెలల్లో బాగుంటుంది, తక్కిన నెలల్లో మీ ఇంట్లోవాళ్లదే రైటు. 1863లో మొదలుపెట్టి 1870 నాటికి ఒక ప్రైవేటు కంపెనీ తవ్విన కాలువ ఇది. పొలాలకు నీళ్లతోబాటు పడవలు కూడా నడిపి లాభం తీయాలన్నది వాళ్ల ఆశ. లాభం రాలేదు, 1882లో సర్కారు కొనేసింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి కడప దాకా పోతుంది. మీరు నడిచేది అందులో రెండు కిలోమీటర్లు. వినాయక ఘాట్ దగ్గర మొదలుపెట్టండి, ఇద్దరు ముగ్గురు కలిసి పోండి.

ప్రశ్న: నేను పుట్టింది 2008లో. వరద గురించి ఇంట్లో అందరూ మాట్లాడుకుంటారు, నాకేమీ గుర్తులేదు. దాని ఆనవాళ్లు ఇప్పుడు ఎక్కడైనా చూడొచ్చా?
– ఇంటర్ విద్యార్థి, బుధవారపేట

జవాబు: మీ ఇంట్లోనే ఉంటాయి నాన్నా. బీరువా అడుగున తుప్పు చూడు. పెళ్లి ఆల్బమ్‌లో అతుక్కుపోయిన పేజీలు చూడు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి ఊళ్లోకి వచ్చాయి. మన ఊరు ఆ రెండూ కలిసేచోట ఉందని అప్పటిదాకా చాలామందికి పట్టింపే లేదు. మేము మిద్దె మీద రెండు రాత్రులు ఉన్నాం. నాకు బాగా గుర్తున్నది నీళ్లు కాదు, చప్పుడు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. చీకట్లో పక్క మిద్దెవాళ్లు, అవతలి మిద్దెవాళ్లు ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకుంటూ ఉన్నారు. ఇటు చెప్పిన కబురు అటు అందిస్తూ తెల్లవార్లూ నేనూ అరిచాను. ఆపరేటరు ఉద్యోగం మళ్లీ చేసినట్టయింది.

పాతబస్తీలో నేను పటాలకు ఫ్రేములు కట్టించే చిన్న అంగడి ఒకటుంది. పోయిన సంక్రాంతి ముందు మా ఆయన ఫొటో అద్దం పగిలితే తీసుకుపోయాను. లోపలి గోడ మీద నా తలకంటే ఎత్తులో నీలం పెయింటుతో ఒక గీత. ఆ గీతకు పైనే దేవుళ్లు, పెళ్లిళ్లు, చనిపోయినవాళ్లు వరసగా వేలాడుతున్నారు. కింద గోడంతా ఖాళీ. "కిందంతా చోటుంది కదయ్యా, అంత పైన తగిలిస్తే ఎట్లా దించుతారు?" అన్నాను. స్టూలు ఎక్కుతూ, "నీళ్లొచ్చినప్పుడు నావి పోయినా పర్వాలేదు మేడమ్. కింద తగిలించినవి మాత్రం జనాలవి పోయినాయి" అన్నాడు. నువ్వు పోవాలనుకుంటే ఏదైనా పటం పట్టుకుని పో. ఊరికే గీత చూపించమంటే ఆయనకు నచ్చదు.

ప్రశ్న: రెండు నెలల కింద ఉగ్గాని (నానబెట్టిన బొరుగుల టిఫిన్) గురించి రాస్తూ బండి ఎక్కడుందో చెప్పారు. ఈసారి ఇంకో మంచి చోటు చెప్పండి.
– ఒక పాఠకుడు, కల్లూరు

జవాబు: చెప్పను. మీరంతా ఆ బండి మీద పడ్డారు. పోయిన ఆదివారం ఎనిమిదింటికే పోతే, బొరుగులు నానబెట్టిన గంగాళం బోర్లించి ఉంది. పప్పుల పొడి డబ్బా ఖాళీ. ఒక్క మిరపకాయ బజ్జీ లేదు. ఆ అమ్మాయి నన్ను చూసి, "అక్కా, ఎవరో మా గురించి పుస్తకంలో రాసినారంట. నువ్వు రోజూ చదువుతుంటావు కదా, ఎవరో కనుక్కుని చెప్పు" అంది. సరే అని టీ తాగి వచ్చేశాను.