వేపచెట్టు కింద చిన్న ఇల్లు: ఎంతలో కట్టుకోవాలి?

ప్రశ్న: కావలి దగ్గర పల్లెలో మాది తాతల నాటి పెంకుటిల్లు. ప్రైవేటు స్కూల్లో టీచరుగా రిటైరై ఏడాదిన్నర అయింది, పింఛను లేదు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 15 లక్షలు, బ్యాంకులో 5 లక్షలు ఉన్నాయి. పిల్లలు వస్తే ఉండటానికి పెరటి తోటలో చిన్న ఇల్లు కట్టాలని ఉంది. మేస్త్రి స్లాబు వేసి 9 లక్షలకు కడతానంటున్నాడు. స్కీమ్ డబ్బు తీయమంటారా?

జవాబు: టీచరుగారూ, ఆ డబ్బు తీయొద్దు. ఆ ఖాతాలో కొంత తీసి కొంత ఉంచడం కుదరదు, మూస్తే మొత్తం మూయాల్సిందే. ఏడాది దాటాక రెండేళ్ళు నిండకముందు మూస్తే అసలులో 1.5 శాతం కోత, అంటే మీకు 22,500 రూపాయలు పోతాయి. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. 8.2 శాతం వడ్డీ లెక్కన మూడు నెలలకోసారి చేతికొచ్చే 30,750 ఆగిపోతుంది. పింఛను లేని మీకు ఇల్లు గడిచేది దాంతోనే కదా.

బ్యాంకులోని 5 లక్షల్లో 2 లక్షలు ఆస్పత్రి అవసరానికి పక్కన పెట్టండి. మిగిలిన 3 లక్షలే మీ హద్దు. అందులో స్లాబు ఇల్లు రాదు, రాకపోవడమే నయం. పెంకుటింటి పక్కన స్లాబు లేస్తే తోట కళ తప్పుతుంది. ఒక్క గది, ముందు అరుగు, పాత ఇంటి వాలుకు సరిపోయే పెంకు కప్పు, కిందికి దిగిన చూరు, నేలకు కడప బండలు. ఈ లెక్కన అంచనా రాయించుకోండి. పాత ఇళ్ళు పడగొట్టే చోట దూలాలు, తలుపులు, పెంకులు తక్కువకే దొరుకుతాయి. మీరే వెళ్ళి, దూలాన్ని తట్టి చూసి, చెద పట్టనిది ఏరుకోండి. చవకని రేకుల జోలికి మాత్రం పోవద్దు. ఎండాకాలం ఆ గదిలో పగలు కూర్చోలేరు, పైగా సముద్రపు ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది.

వేపచెట్టును కొట్టనివ్వకండి. పునాదిని దాని మొదలుకు దూరంగా జరపండి.

సంక్రాంతి వెళ్ళగానే పని మొదలుపెట్టండి. మనకు పెద్ద వానలు, తుపాన్లు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి ఆలోపే కప్పు పడాలి. మేస్త్రికి పని జరిగినకొద్దీ డబ్బివ్వండి, ముందే చేతిలో పెట్టొద్దు.

ఇప్పుడుంటున్న ఇంటి కప్పు కారుతోందా? అయితే 3 లక్షల్లో మొదటి ఖర్చు దానికే. ఇక గదికి చాలకపోతే ఈ ఏడాది అరుగు, తాటాకు పందిరి వేసుకోండి. వడ్డీలో మిగిలింది దాచుకుంటూ గోడలు వచ్చే ఏడాది లేపొచ్చు.