ఉప్పునీటి అక్వేరియంలో నాచు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది 250 లీటర్ల రీఫ్ ట్యాంక్. పెట్టి 8 నెలలైంది. చేపలు, కొన్ని మెత్తటి పగడాలు ఉన్నాయి. రాళ్ల నిండా పచ్చటి పీచు నాచు. కిట్‌తో చూస్తే నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా. మూడు రోజులు లైట్లు ఆపి దుప్పటి కప్పాం, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. నీళ్లు ఇంట్లో తాగే ఆర్వో మిషన్‌వే పోస్తున్నాం.
– కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ఆ సున్నాను నమ్మకండి. నీళ్లలోకి వచ్చిన పోషకాన్ని వచ్చినట్టే నాచు లాగేసుకుంటోంది. కిట్‌కి కనబడేది దాని నోటికి అందక మిగిలిందే. ఫాస్ఫేట్‌తో ఇంకో చిక్కు: అది రాళ్లకు, ఇసుకకు అంటుకుని ఉండి, నీళ్లలో తగ్గేకొద్దీ మెల్లగా బయటికొస్తుంది. దుప్పటి పని చెయ్యకపోవడానికీ కారణం ఇదే. చీకట్లో చచ్చిన నాచు కుళ్లి తనలో ఉన్నదంతా నీళ్లకే తిరిగిచ్చింది. లైటు పడగానే రాతిని పట్టుకుని మిగిలిన మొదళ్లు దాన్నే తిని లేచాయి.

ముందు నీళ్ల సంగతి చూడండి. తాగే ఆర్వో మిషన్లలో చాలావాటికి టీడీఎస్ (లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చెప్పే లెక్క) కంట్రోలరో, మినరల్ కాట్రిడ్జో ఉంటుంది. రుచి కోసం కొంత మామూలు నీటిని కలిపి వదులుతుంది. మీటరు పెట్టి చూస్తే 50, 80, ఒక్కోసారి వంద కూడా చూపిస్తుంది. మీకు కావలసింది సున్నా. మీ సైజు ట్యాంకులో రోజుకు 3 లీటర్లు ఆవిరైతే నెలకు 90 లీటర్లు పోస్తారు. టీడీఎస్ 60 ఉన్న నీళ్లయితే 5.4 గ్రాముల లవణాలు లోపల చేరినట్టే. ఆవిరయ్యేది నీరు మాత్రమే, అవన్నీ అక్కడే ఉండిపోతాయి. అందులో ఎక్కువ భాగం కాల్షియం, సోడియం లాంటివే అయినా, నైట్రేట్, సిలికా కూడా ఉంటాయి. బోరు నీళ్లయితే మరీను. ఆర్వో పొర గట్టిదనాన్ని ఆపినంత బాగా నైట్రేట్‌ని ఆపలేదు. మెంబ్రేన్ తర్వాత, మినరల్ కాట్రిడ్జ్‌కి ముందు పైపు విడదీసి డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను కూడా పట్టేసే గుళికలు) కాట్రిడ్జ్ పెట్టించుకోండి. మీటరు 1 చూపించగానే రెసిన్ మార్చాలి, ఇంకో నెల లాగుదాం అనుకోవద్దు. రెసిన్ అరిగిపోయేటప్పుడు ముందుగా జారిపోయేవాటిలో సిలికా ఒకటి.

తర్వాత చేతిపని. దీనికి దగ్గర దారి లేదు. పంపులు ఆపండి. ఊడదీయగల రాళ్లను ట్యాంకు నీళ్లు పోసిన బకెట్లో పెట్టి, నాచును వేళ్లతో పీకి, టూత్‌బ్రష్‌తో రుద్ది, అదే నీళ్లలో జాడించి, ఆ బకెట్ పారబోయండి. తీయలేని రాళ్ల దగ్గర ఒక చేత్తో పీకుతూ రెండో చేత్తో సైఫన్ గొట్టం పట్టుకోండి. తెగిన ముక్క లోపల తిరిగితే ఇంకోచోట పాతుకుంటుంది. వారానికోసారి 35–40 లీటర్ల నీటి మార్పును ఈ పనితోనే కలిపి, ఐదారు వారాలు వదలకుండా చెయ్యండి. కొత్త నీళ్ల లవణీయత 35 పీపీటీ (వెయ్యి పాళ్లకు 35), వేడి ట్యాంకుతో సమానంగా ఉండాలి.

నత్తలను వేసేది నాచు పీకిన తర్వాతే. పొడుగ్గా పెరిగిన పీచును చాలా నత్తలు ముట్టవు, పొట్టిగా మిగిలినదాన్నే గీకి తింటాయి. మీ ట్యాంకుకు 10–12 టర్బో నత్తలు చాలు. నాచు అయిపోయాక ఆకలితో చచ్చి అవే కాలుష్యమవుతాయి కాబట్టి అప్పుడు నోరి షీటు (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్క వెయ్యండి. ఫ్రోజెన్ మేతను కరిగించి, జాలీలో వడకట్టి, ఆ నీళ్లు పారేసి వెయ్యండి.

ఫాస్ఫేట్ తీసే జీఎఫ్ఓ (ఐరన్ ఆక్సైడ్ గుళికలు) వాడాలనుకుంటే డబ్బా మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి. ఒక్కసారిగా లాగేస్తే పగడాలే ముందు దెబ్బతింటాయి. లక్ష్యం సున్నా కాదు: ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), నైట్రేట్ 2–10 పీపీఎం. హన్నా కంపెనీ ఫాస్ఫరస్ చెకర్ అనే చిన్న మీటరు ఫాస్ఫరస్‌ను పీపీబీలో (పీపీఎంలో వెయ్యో వంతు) చూపిస్తుంది. ఆ అంకెను 3.066తో గుణించి 1000తో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎం వస్తుంది. అంటే 20 అని చూపిస్తే 0.061.

ఒక్క అనుమానం మిగిలింది. నీళ్లలోంచి తీసి చూస్తే పీచు ఈకలా, రెండు వైపులా రెమ్మలతో ఉంటే అది బ్రయోప్సిస్ అనే మొండి నాచు. దానికి పైవన్నీ చాలవు. ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందును లీటరుకు సుమారు 5 మిల్లీగ్రాముల లెక్కన వాడతారు. రాళ్లు, ఇసుక పోను మీ నీళ్లు 210 లీటర్లనుకుంటే 1,050 మిల్లీగ్రాములు, అంటే 150 మిల్లీగ్రాముల బిళ్లలు ఏడు. ఇది చీటీ మీద ఇచ్చే మందు, కాబట్టి పశువైద్యుణ్ణి అడిగే వాడండి. కార్బన్ (బొగ్గు ఫిల్టర్), జీఎఫ్ఓ తీసేయండి. స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) తిరగనివ్వండి గానీ మురికి చేరే దాని కప్పును తీసి ఉంచండి, గాలి కావాలి. రెండు వారాల తర్వాత నీళ్లు మార్చి కార్బన్ పెట్టండి.

ప్రశ్న: మా 300 లీటర్ల ట్యాంకులో జీఎఫ్ఓ పెట్టి, చేపల మేత తగ్గించి అన్నీ సున్నాకు తెచ్చాం. ఇప్పుడు ఇసుక మీద, పగడాల మీద గోధుమరంగు చీమిడిలాంటి తీగలు, వాటి చివర బుడగలు. రాత్రి మాయమై మధ్యాహ్నానికి మళ్లీ వస్తున్నాయి. నత్తలు చచ్చిపోతున్నాయి.
– డాలస్, అమెరికా

జవాబు: ఇవి డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవుల్లాగే ఉన్నాయి. పోటీ పడే నాచు, బ్యాక్టీరియా పస్తులుండి తగ్గిపోయినచోట ఇవి రాజ్యమేలతాయి. నిర్ధారించుకోవడం తేలిక: కొంత జిగురును ట్యాంకు నీళ్లతో సీసాలో పోసి గట్టిగా కుదిపి, కాఫీ ఫిల్టర్‌లో వడకట్టి, దిగిన నీళ్లను లైటు కింద గంట ఉంచండి. మళ్లీ తీగలు కడితే అవే. 400 రెట్లు చూపే మైక్రోస్కోప్ ఉంటే ఇంకా మంచిది. కన్నీటి చుక్క ఆకారంలో ఉండి ఒక కొసను ఆధారంగా గిర్రున తిరిగేది ఆస్ట్రియాప్సిస్. ఇంకో రకం, ఆంఫిడినియం, ఇసుకను వదలదు.

జీఎఫ్ఓ తీసేయండి. నైట్రేట్‌ను 5–10కి, ఫాస్ఫేట్‌ను 0.05–0.1కి తెచ్చి అక్కడే నిలబెట్టండి. 300 లీటర్లలో నైట్రేట్ 2 పీపీఎం పెంచాలంటే 600 మిల్లీగ్రాముల నైట్రేట్ కావాలి, అంటే శుద్ధమైన సోడియం నైట్రేట్ సుమారు 0.82 గ్రాములు. డీఐ నీళ్లలో కరిగించి పోసి, మర్నాడు కొలవండి. ఫాస్ఫేట్ మొదట్లో కనబడదు, రాళ్లు తాగేస్తాయి. కొలుస్తూ మళ్లీ మళ్లీ వెయ్యాల్సిందే. ఈ దశలో నీళ్లు మార్చకండి.

ఆస్ట్రియాప్సిస్ రాత్రి నీళ్లలోకి తేలుతుంది కాబట్టి యూవీ దీపం పనిచేస్తుంది. మీకు 25 వాట్లది, నీరు నెమ్మదిగా పారేట్టు, సంప్‌లో (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టి) కాకుండా ట్యాంకులోంచే తీసుకుని ట్యాంకులోకే వదిలేట్టు పెట్టండి. ఆంఫిడినియం మీద దాని ప్రభావం తక్కువ. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి, గొట్టాన్ని నోటితో పీల్చొద్దు: ఆస్ట్రియాప్సిస్ జాతుల్లో కొన్ని పాలిటాక్సిన్ లాంటి విషాన్ని తయారుచేస్తాయి. తర్వాత ఇసుక మీద ఎర్రటి పొర (సయనోబ్యాక్టీరియా) కనబడితే కంగారుపడి మందులు పోయకండి. పోటీ తిరిగొచ్చిందని అర్థం. సన్న గొట్టంతో లాగేసి, అక్కడ నీటి ప్రవాహం పెంచితే చాలు.

ప్రశ్న: మేం సముద్రం పక్కనే ఉన్నాం. బీచ్ నీళ్లు పట్టుకొచ్చి పోయొచ్చా? రామేశ్వరం వైపు నుంచి లైవ్ రాక్ (సముద్ర జీవులు పట్టిన పగడపు రాయి) కూడా తెచ్చుకోవచ్చా?
– విశాఖపట్నం

జవాబు: ఒడ్డు నీళ్లు వద్దు. గెడ్డల మురుగు నాచుకు ఆహ్వానం. ఓడరేవు నూనె, వానాకాలంలో తగ్గే లవణీయత ట్యాంకుకు చేటు. పడవలో బాగా లోపలికి వెళ్లి తెచ్చినా, 1 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, మూసిన డ్రమ్ములో గాలి ఆడిస్తూ నిల్వ ఉంచి, ఫాస్ఫేట్, లవణీయత కొలిచాకే పోయాలి. ఇంత శ్రమకన్నా డీఐ నీళ్లలో కలిపిన అక్వేరియం ఉప్పే నయం.

రాయి మాట ఎత్తొద్దు. గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, చచ్చిన పగడం ముక్క తేవడం కూడా నేరమే. పింగాణీతో చేసిన కృత్రిమ రాళ్లు కొనండి. మొదట్లో గోధుమరంగు పొడిలాంటి డయాటమ్ పొర వస్తుంది. కొత్త ట్యాంకులో అది మామూలే, సిలికా అయిపోగానే కొన్ని వారాల్లో పోతుంది.