స్పోర్ట్స్ కారు: కొత్తదా, సెకండ్ హ్యాండా?

ప్రశ్న: నా దగ్గరున్న డబ్బుకు కొత్త చిన్న స్పోర్ట్స్ కారు వస్తుంది. అదే డబ్బుకు ఏడెనిమిదేళ్ల కిందటి పెద్ద కారు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. కొత్తగా ఉన్నప్పుడు దాని ధర దీనికి మూడింతలు. ఏది కొనమంటారు?

జవాబు: ఉన్న డబ్బంతా కొనడానికే అయిపోయేట్టయితే కొత్త చిన్నదే కొనండి. వయసు పెరిగేకొద్దీ కారు ధర తగ్గుతుందిగానీ దాని స్పేర్ల ధర తగ్గదు. మూడో వంతుకే చేతికొచ్చిన కారుకైనా బ్రేక్ డిస్కులు, క్లచ్, షాక్ అబ్జార్బర్లు దాని అసలు ధరకు తగ్గట్టే ఉంటాయి. కూలీ కూడా అంతే.

టైర్ల సంగతే చూడండి. ఇప్పటి చిన్న స్పోర్ట్స్ కారు మాజ్దా ఎంఎక్స్-5కి నాలుగు చక్రాలకూ ఒకటే సైజు: 195 లేదా 205 మిల్లీమీటర్ల వెడల్పు, 16 లేదా 17 అంగుళాల రిమ్ము. అదే పెద్ద కారైన పోర్షా 911 కరెరా ఎస్‌ (992 అనే తరం)కి ముందు 245 వెడల్పుతో 20 అంగుళాలు, వెనక 305 వెడల్పుతో 21 అంగుళాలు. వెనకవి ముందుగా అరుగుతాయి. సైజులు వేరు కాబట్టి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి నెట్టుకొచ్చే వీలు కూడా లేదు.

అందుకని మోజు పడ్డ పాత కారు విషయంలో ఒక పని చేయండి. కంపెనీ స్పేర్ల కౌంటర్‌లో నాలుగు టైర్లు, ముందూ వెనకా డిస్కులు ప్యాడ్లు, క్లచ్, ఒక జత షాక్ అబ్జార్బర్లు, బ్యాటరీ, వీటి ధరలు అడిగి కూడండి. కారు కొన్నాక అంత మొత్తం చేతిలో మిగిలితేనే ముందుకెళ్లండి. ధరలు తెచ్చుకునే తీరిక లేకపోతే కారు ధరలో ఐదో వంతు పక్కన పెట్టమన్నది మా లెక్క. పదేళ్లు దాటిన బండికి అదీ చాలదు.

కొత్తదానికుండే నష్టం ఒకటే. మొదటి రెండు మూడేళ్లలో ధర బాగా పడిపోతుంది, అందులోనూ డబ్బు పోసి పెట్టించుకున్న ఆప్షన్లకు తిరిగి అమ్మేటప్పుడు దాదాపు ఏమీ రాదు. మధ్యేమార్గం కావాలంటే రెండు నుంచి నాలుగేళ్ల వయసున్న, కంపెనీ వారంటీ ఇంకా మిగిలున్న కారు వెతకండి. ధర పడిపోయిన దెబ్బ మొదటి యజమానికి తగిలి ఉంటుంది, వారంటీ మీకు మిగులుతుంది. అయితే ఆ వారంటీ కొత్త యజమాని పేరుకు మారుతుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: ఐదేళ్ల కారు, తిరిగింది 9,000 కిలోమీటర్లే అంటున్నారు. 40,000 తిరిగిన ఇంకోటి కాస్త తక్కువకు వస్తోంది. మొదటిదే మేలు కదా?

జవాబు: అలా అని ఏమీ లేదు. కదలకుండా నిలబడ్డ కారు వేరే రకంగా పాడవుతుంది. ఆయిల్ సీళ్లు ఎండి గట్టిపడతాయి, ట్యాంకులో పెట్రోలు చెడుతుంది, ఒకేచోట బరువు ఆని టైర్లు ఓ పక్క చదునవుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగిపోతుంది. గట్టిగా బ్రేకులు వేస్తే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోవడం దానివల్లే. ఎన్ని కిలోమీటర్లు తిరిగినా తిరక్కపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. సర్వీసు బుక్కులో ఏటా ఆయిల్, రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చినట్టు ముద్రలుంటే 40,000 తిరిగిన బండికే మా ఓటు.

ఇక ఆ 9,000 నిజమో కాదో టైర్లే చెప్తాయి. టైరు పక్కన DOT అన్న ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 3221 అని ఉంటే 2021లో 32వ వారం తయారైందని. ఈ కోడ్ కొన్ని టైర్లకు లోపలి వైపే ఉంటుంది, కాబట్టి వంగి టార్చి వేసి చూడండి. కారుతో వచ్చిన టైర్లే ఉంటే తేదీ కారు తయారీకి కొన్ని నెలల ముందుదై ఉండాలి. అంటే అవి ఐదేళ్ల నాటి టైర్లు, గట్టిపడి ఉంటాయి, ఎంత దళసరిగా కనిపించినా మార్చాల్సిందే, ఆ ఖర్చు బేరంలో తగ్గించండి. అలా కాక రెండేళ్లకే రెండో సెట్టు వేసినట్టు తేలితే 9,000 కిలోమీటర్లకే మొదటి సెట్టు ఎందుకు పోయిందని అడగండి. రేస్ ట్రాకు మీద తిప్పి ఉండాలి, లేదా మీటరు వెనక్కి తిప్పి ఉండాలి. డ్రైవర్ సీటులో తలుపు వైపు ఎత్తుగా ఉండే భాగం, స్టీరింగ్ తోలు, పెడల్ రబ్బర్లు కూడా అదే కథ చెప్పాలి.

ప్రశ్న: కారు చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం చూడాలి? మెకానిక్‌ను తీసుకెళ్లడం తప్పనిసరా?

జవాబు: తప్పనిసరే. అదీ ఆ మోడల్ మీద పనిచేసిన మెకానిక్ అయి ఉండాలి, లిఫ్టు మీదికి ఎక్కించి చూడాలి. ఇంత పెట్టి కారు కొంటూ ఆ ఫీజు దగ్గర వెనకాడ్డం ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టే. అమ్మేవారు లిఫ్టు ఎక్కించనివ్వకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

మెకానిక్‌ దాకా పోకముందే మీరు చూడగలిగినవి ఇవి. మీరొచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని ముందురోజే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద (ఇంజిన్ వెనకుంటే వెనక మూత మీద) చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారని అనుకోవచ్చు. చల్లటి ఇంజిన్ స్టార్టయిన మొదటి కొన్ని సెకన్లలోనే టైమింగ్ చైన్ గలగలలు, పిస్టన్ టకటకలు వినిపిస్తాయి. వేడెక్కాక చాలావరకు మాయమవుతాయి. ఎవరినైనా సైలెన్సర్ వెనక నిలబెట్టండి. నీలి పొగ వస్తే ఆయిల్ మండుతోంది. వేడెక్కాక కూడా తెల్లటి పొగ తియ్యటి వాసనతో వస్తుంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం (కూలంట్) లోపలికి పోతోంది. నల్లదైతే పెట్రోలు ఎక్కువ మండుతోంది. మొదటి రెండింటిలో ఏది కనిపించినా ఇంకేం చూడక్కర్లేదు, ఆ కారు వదిలేయండి.

తర్వాత స్కానర్. కారు కంప్యూటర్‌కు తగిలించి లోపాలు చదివే ఓబీడీ స్కానర్ పెడితే తప్పుల కోడ్ ఒక్కటీ లేదని వస్తుంది, అందరూ సంతోషిస్తారు. మీరు చూడాల్సింది దాని పక్కనున్న రెడీనెస్ పేజీ. కోడ్లు చెరిపేస్తే కారు తనను తాను పరీక్షించుకునే లెక్కలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. అవి పూర్తవ్వాలంటే కారు మామూలుగా కొంతకాలం తిరగాలి. అక్కడ రెండు మూడు ‘నాట్ రెడీ’ అని కనిపిస్తే ఈమధ్యే ఎవరో కోడ్లు చెరిపి, మీటర్ల దగ్గరి ఇంజిన్ హెచ్చరిక లైటు ఆర్పి ఉండొచ్చు.

మాన్యువల్ గేరుబాక్సున్న కార్లకు ఇంకో ప్రమాదం ఉంది. నాలుగు నుంచి ఐదుకు వేయబోయి పొరపాటున మూడులో పడేస్తే చక్రాలే ఇంజిన్‌ను బలవంతంగా తిప్పుతాయి. ఆర్‌పీఎం హద్దు దాటకుండా చూసే రెవ్ లిమిటర్ పెట్రోలు ఆపగలదుగానీ ఈ తిప్పుడును ఆపలేదు. వాల్వులు పిస్టన్లకు తగలొచ్చు, కనెక్టింగ్ రాడ్ బేరింగులు దెబ్బతినొచ్చు. పోర్షా కార్లలో ఇంజిన్ కంప్యూటర్ ఇలాంటివన్నీ ఆర్‌పీఎం శ్రేణులవారీగా రాసి పెట్టుకుంటుంది, ఏ శ్రేణిలో ఎన్నిసార్లు, ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగినప్పుడు అని. పై శ్రేణుల్లో అంకెలుండి, ఆ గంటలు ఇప్పటి గంటలకు దగ్గరగా ఉంటే ఆ కారు వదిలేయండి. పాతికవేల కిలోమీటర్ల కిందట జరిగి, ఆ తర్వాత ఇంజిన్ బాగానే నడిచి ఉంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయించి ఆలోచించవచ్చు. సిలిండర్ల మధ్య తేడా పదిహేను శాతం లోపు ఉండాలి. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారిపోతుందో చూసే లీక్ డౌన్ పరీక్షలో ఇరవై శాతం దాటితే ఆ సిలిండర్‌కు జబ్బున్నట్టే.

రోడ్డు మీద క్లచ్ చూడ్డం తేలిక. ఇంజిన్ వేడెక్కాక ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. స్పీడు పెరక్కుండా ఆర్‌పీఎం ముల్లు ఎగిరిందంటే క్లచ్ జారుతోంది. మూడు నుంచి రెండుకి దించేటప్పుడు గరగరమంటే గేర్లు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు అరిగినట్టు. చల్లగా ఉన్నప్పుడు గేరు కాస్త బిగుతుగా పడితే మాత్రం కంగారు పడొద్దు. డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ అయితే ట్రాఫిక్‌లో కదిలినంత మెల్లగా, కొంచెం ఎత్తు మీద నడిపి చూడండి, రివర్సులో కూడా. వణికితే ఖర్చు పెద్దదే. గేరుబాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు అడగండి.

ట్రాకు మీద బాగా తిరిగిన బండిని బ్రేకులు పట్టిస్తాయి. ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ రంగు మాడి ముదురుగా మారడం, లోపలి రబ్బరు తొడుగులు పెళుసెక్కడం, డిస్కు మీద రంధ్రాల చుట్టూ వెంట్రుకంత పగుళ్లు, చక్రం గూడు లోపల అంటుకున్న రబ్బరు ముక్కలు. ముందు బంపర్‌లో కారును లాగడానికి వాడే కొక్కెం (టో హుక్) బిగించే మర గీసుకుపోయి ఉన్నా అనుమానించాలి. డిస్కు మందం కొలవాలి. ఎంత మిగిలితే మార్చాలో దాని మీదే చెక్కి ఉంటుంది. సిరామిక్ డిస్కులైతే వాటి ధర విని గుండె ఆగినంత పనవుతుంది, ముందే కనుక్కోండి.

పెయింట్ మందం కొలిచే మీటరు పెడితే కంపెనీ పెయింట్ సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు చూపిస్తుంది. ఒక తలుపు మీద మాత్రం 300 వస్తే మళ్లీ పెయింట్ వేశారు, అంతకు చాలా పైన ఉంటే కింద పుట్టీ ఉంది. అయస్కాంతంతో పనిచేసే చౌక మీటర్లు అల్యూమినియం బాడీ మీద పనికిరావు, ఈ తరహా కార్లలో చాలావాటికి అల్యూమినియం భాగాలుంటాయి. కార్బన్ ఫైబర్‌కు మామూలు మీటరు అసలే పనిచేయదు. యాక్సిడెంట్ బండా కాదా అన్నది బానెట్, తలుపుల బోల్టుల తలలమీది స్పానర్ గుర్తులు, రెండు పక్కల సందుల వెడల్పు చూసి తేల్చుకోవాలి. కాగితాల మీది ఛాసిస్ నంబరు బండి మీదిదానితో సరిచూసి, ఆ నంబరుతోనే పెండింగ్ రీకాల్స్ (లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచినవి) ఉన్నాయేమో కంపెనీలో అడగండి.

ప్రశ్న: కొన్ని మోడళ్లకు పుట్టుకతోనే జబ్బులుంటాయంటారు. ఏవి చూసుకోవాలి?

జవాబు: అన్నీ చెప్పే చోటు లేదు, తరచూ అమ్మకానికొచ్చే నాలుగింటి గురించి చెప్తాం.

1997 నుంచి 2008 దాకా వచ్చిన పోర్షా బాక్‌స్టర్, కేమన్, మామూలు 911 కార్లలో ఇంజిన్ లోపల తిరిగే ఇంటర్మీడియట్ షాఫ్టు అనే ఇరుసుకు ఓ చివర ఉండే బేరింగ్ విరిగితే ఇంజిన్ మొత్తం పోతుంది. దాన్ని చేరాలంటే గేరుబాక్స్ దించాలి, కాబట్టి క్లచ్ మార్చేటప్పుడే ఇదీ మార్పించేస్తారు. బిల్లు ఉందేమో చూడండి. 2006 మోడల్ నుంచి వచ్చిన ఇంజిన్లలో బేరింగ్ పెద్దది, గట్టిది, కానీ ఇంజిన్ విప్పకుండా బయటికి రాదు. ఆయిల్ ఫిల్టర్ కోసి లోహపు రవ్వలు చూడటమే దారి. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజిన్లలో ఆ షాఫ్టే లేదు. అప్పటి జీటీ3, టర్బో ఇంజిన్లు వేరే రకం, వాటికీ ఈ గొడవ లేదు.

ఈ46 తరం బీఎండబ్ల్యూ ఎం3లో వెనక చక్రాల అమరికను మోసే చట్రం (సబ్‌ఫ్రేమ్) బిగించే చోట బాడీ రేకు పగుళ్లిస్తుంది. లిఫ్టు మీద చూడాలి. రేకులు వెల్డింగ్ చేసి బలపరిచి ఉంటే మంచిదే. నిస్సాన్ 370జెడ్‌లో పెడల్ తొక్కితే క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండర్ గేరుబాక్స్ లోపల ఉంటుంది, లీకైతే పెడల్ నేలకు అతుక్కుపోతుంది. స్పేర్ ఖరీదు తక్కువే, కూలీయే ఎక్కువ. పిస్టన్ల బదులు మూడు ముఖాల రోటర్ తిరిగే మాజ్దా ఆర్ఎక్స్-8 రోటరీ ఇంజిన్‌ది ఇంకో లోకం. ఆయిల్ మండించుకోవడం దాని తయారీలోనే ఉంది, అది తప్పు కాదు. కానీ వేడిగా ఉన్నప్పుడు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మొరాయిస్తే రోటర్ సీళ్లు అరిగి ఉండొచ్చు. మామూలు కంప్రెషన్ గేజి దానికి పనికిరాదు. రోటర్ మూడు ముఖాలనూ విడివిడిగా చూపే టెస్టర్ కావాలి.

ప్రశ్న: ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) ట్యూన్ చేసి, సైలెన్సర్ మార్చిన కారు అదే ధరకు వస్తోంది. ఎక్కువ పవర్ ఉచితంగా వచ్చినట్టే కదా?

జవాబు: ఉచితం కాదు. టర్బో, క్లచ్, గేరుబాక్స్ ఆ అదనపు బలాన్ని అప్పటికే మోసి ఉన్నాయి. ట్యూనింగ్ చేసింది ఎవరు, ఏ పెట్రోలుకు సరిపడా చేశారు అన్నదానికి చాలావరకు కాగితం ఉండదు, వారంటీ మిగిలున్నా కంపెనీ తిరస్కరించొచ్చు. మార్చకుండా కంపెనీ ఇచ్చినట్టే ఉన్నది కొని, కావలసిన మార్పులు మీరే చేయించుకోండి.

ప్రశ్న: చివరికి కొత్తదే బుక్ చేశాను. మొదట్లో ఎలా నడపాలి?

జవాబు: కారుతో వచ్చే పుస్తకంలో రాసిన హద్దే ప్రమాణం. చాలా కంపెనీలు మొదటి 1,500 కిలోమీటర్లు లేదా కాస్త పైన రన్నింగ్ ఇన్, అంటే కొత్త ఇంజిన్ సర్దుకునేదాకా నెమ్మదిగా నడపడం, అడుగుతాయి. బీఎండబ్ల్యూ ఎం కార్లకైతే 2,000 దగ్గర ప్రత్యేకంగా ఒక సర్వీసు ఉంది. దాన్ని ఎగ్గొడితే వారంటీ దగ్గర చిక్కొస్తుంది. ఆ రోజులన్నీ ఆర్‌పీఎం మధ్యస్థంగా ఉంచుతూ, ఒకే స్పీడులో గంటల తరబడి పోకుండా పెంచుతూ తగ్గిస్తూ నడపండి. నిలబడ్డచోటు నుంచి ఒక్కసారిగా దూకించే లాంచ్ కంట్రోల్ ముట్టుకోవద్దు. కొత్త టైర్ల మీద తయారీనాటి జిడ్డు పొర ఉంటుంది, మొదటి 300 కిలోమీటర్లు మలుపుల్లో నెమ్మది. ట్రాకుకు తీసుకెళ్లే ఆలోచన ఉంటే వారంటీ పుస్తకంలో మోటార్ స్పోర్ట్ అన్న మాట ఎక్కడుందో వెతికి, ఆ పేరా రెండుసార్లు చదివి, ఆ తర్వాతే సంతకం చేయండి.