జర్మన్ క్రియారూపాలు మనసులో ఎలా విడివడతాయి?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా బొబ్బిలి. నర్సింగ్ పూర్తి చేసి, జర్మనీలో ఉద్యోగం కోసం ఆ భాష నేర్చుకుంటున్నాను. కాగితం మీద క్రియారూపాలన్నీ సరిగ్గానే రాస్తాను గానీ, మాట్లాడేటప్పుడు తడబడతాను. జర్మన్లు కూడా వీటిని మనలాగే గుర్తుపెట్టుకొని మాట్లాడతారా?
– ఒక పాఠకురాలు

జవాబు: అన్నింటినీ అలా గుర్తుపెట్టుకోరని హరాల్డ్ క్లాసెన్ వంటి పరిశోధకుల వాదన. కొనడానికి సంబంధించిన ‘గెకౌఫ్ట్’ అనే రూపం ‘కౌఫ్’ అనే ధాతువుకు ముందు ‘గె’, చివర ‘ట్’ చేరి ఏర్పడుతుంది. కొత్తగా పుట్టిన క్రియలకు కూడా ఇదే నియమం. రాయడానికి సంబంధించిన ‘గెష్రీబెన్’లో మాత్రం ‘ష్రైబ్’ అనే ధాతువులోని అచ్చే మారిపోతుంది కనుక దాన్ని విడిగా గుర్తుంచుకోక తప్పదు. మొదటి రకాన్ని విడగొట్టి, రెండో రకాన్ని మొత్తంగా గ్రహించడం మాతృభాషీయుల పద్ధతి అని ఆయన అంటారు.

దీన్ని పరీక్షించే తీరు ముచ్చటగా ఉంటుంది. కంప్యూటర్ తెర మీద ‘గెకౌఫ్ట్’ వంటి మాట 50, 60 మిల్లీసెకన్లపాటు మాత్రమే మెరిసి మాయమవుతుంది. దాన్ని చదివామన్న స్పృహ కూడా చూసేవారికి ఉండదు. వెంటనే ‘కౌఫె’ కనిపిస్తుంది, అది జర్మన్ మాటేనా కాదా అన్నది మీట నొక్కి చెప్పాలి. ముందు మెరిసింది ‘ట్’ రకం రూపమైతే, అదే మాట రెండుసార్లు చూసినంత వేగంగా మాతృభాషీయులు మీట నొక్కుతారు. ‘గెష్రీబెన్’ రకంతో అంత సాయం అందదు.

జర్మన్ బాగా వచ్చిన పోలిష్ మాతృభాషీయులతో చేసిన అధ్యయనం ఒకటి 2009లో వెలువడింది. వారు ‘ట్’ రూపాల్లో సైతం తరచు వాడేవాటిని అరుదైనవాటి కంటే త్వరగా గుర్తించారు. తరచు చూసిన మాటే త్వరగా తట్టడం దాన్ని మొత్తంగా గుర్తుంచుకున్నారనడానికి సూచన. అంటే విడగొట్టడం కంటే జ్ఞాపకం మీదే ఎక్కువగా ఆధారపడ్డారన్నమాట. అయితే ఇది అందరూ ఒప్పుకొన్న నిర్ధారణ కాదు. ఇంగ్లీషు నేర్చిన సెర్బియన్ మాతృభాషీయుల్లో ఇంగ్లీషు మాతృభాషీయులను పోలిన ఫలితాలే వచ్చాయని మరికొందరు చూపారు.

ఈ ప్రయోగాలు చదవడానికి సంబంధించినవే తప్ప మాట్లాడటానికి సంబంధించినవి కావు కాబట్టి, వీటిని బట్టి మీ తడబాటును లోపంగా భావించవద్దు. పట్టికలు వల్లెవేయడం కంటే, రోగిని అడిగే ప్రశ్నల్లోనే ఆ రూపాలను రోజూ పైకి పలకడం మేలని నా అభిప్రాయం. పరీక్ష గదిలో ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంటుంది, వార్డులో ఉండదు.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం. ఇంట్లో ఒడియా, బడిలో తెలుగు. చిన్నప్పుడే నేర్చుకుంటే రెండో భాషలో ఈ తేడా రాదా?
– ఒక పాఠకుడు

జవాబు: వయసు ప్రభావం ఉన్నట్టే కనిపిస్తోంది. జర్మనీలో టర్కిష్, జర్మన్ రెండూ మాట్లాడేవారిపై జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. సుమారు ఐదారేళ్లలోపు జర్మన్ మొదలుపెట్టినవారు క్రియారూపాలను మాతృభాషీయుల్లాగే విడగొట్టారు. ఆ వయసు దాటాక ఎంత ఆలస్యంగా మొదలుపెడితే అలా విడగొట్టడం అంతగా తగ్గింది. క్రియకు ‘ఉంగ్’ చేర్చి నామవాచకం చేసే పద్ధతిపై మాత్రం వయసు ప్రభావం కనిపించలేదు.