వద్దనుకున్న పది గజాలు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

డెట్రాయిట్ దగ్గరి నోవై నుంచి, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు బ్యారీ శాండర్స్ మీద రాసి నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. బ్యారీ శాండర్స్ 1988లో ఒక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున ఒకే సీజనులో బంతి పట్టుకుని 2,628 గజాలు పరిగెత్తి, కాలేజీ ఆటలో మేటికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకోవడం, మరుసటి ఏడాది డ్రాఫ్టులో, అంటే ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, మూడో ఆటగాడిగా డెట్రాయిట్ లయన్స్ జట్టుకు రావడం, పది సీజన్లలో 15,269 గజాలు కూడబెట్టడం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంకెల విషయంలో నీకు నేను చెప్పేదేమీ లేదు. ఏ సంగతికి ఎంత చోటిచ్చావన్న దగ్గరే నాకు పేచీ.

నాలుగో పేజీలో, ‘మొదటి ఏడాదే 1,470 గజాలతో లీగులో రెండో స్థానంలో నిలిచాడు’ అని ఒక్క వాక్యం రాసి దాటిపోయావు. అక్కడ కాసేపు కూర్చోవలసింది. 1989 డిసెంబరులో, అట్లాంటాలో, ఆ సీజనులో లయన్స్ చివరి మ్యాచ్ ముగింపుకు వచ్చింది, వాళ్ల గెలుపు ఖాయమైంది. కాన్సాస్ సిటీ జట్టుకు ఆడుతున్న నైజీరియా ఆటగాడు క్రిస్టియన్ ఒకోయే లెక్క 1,480 గజాలు. శాండర్స్ ఇంకో పది గజాలు చేస్తే సమానం, పదకొండు చేస్తే ఆ ఏటి కిరీటం అతనిదే. కోచ్ వేన్ ఫాంటిస్ పక్కకు వచ్చి, ఇంత దగ్గరలో ఉన్నావు, మళ్లీ లోపలికి వెళతావా అని అడిగాడు. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రవాడు వద్దన్నాడు. మ్యాచ్ ఎలాగూ గెలిచేశారు, ఆ పరుగుతో జట్టుకు పనిలేదు.

నీ వ్యాసంలోకెల్లా ఖరీదైన దృశ్యం ఇది. దీనికి ‘వినయం’ అని పేరు పెట్టావో, పాఠ్యపుస్తకంలో మహాపురుషుల జీవితంలా తయారవుతుంది. బంతిని అవతలి గీత దాటించి టచ్‌డౌన్ చేసిన ప్రతిసారీ గంతులు వేయకుండా బంతిని రెఫరీ చేతిలో పెట్టి వెళ్లిపోయేవాడని రాసి, ఆ వెంటనే ‘నిరాడంబరుడు’ అనే విశేషణం తగిలించావు. బంతి చేతులు మారడం చూసిన పాఠకుడికి ఆ మాట ఇక దేనికి?

‘యార్డు’ను నువ్వు ‘గజం’ అనడం నాకు నచ్చింది. అయితే తెలుగువాడికి గజం అనగానే ఇంటి స్థలాల బేరం గుర్తుకొస్తుంది కాబట్టి ఆ దూరం ఒక్కసారైనా కళ్లకు కట్టాలి. 15,269 గజాలంటే దాదాపు పద్నాలుగు కిలోమీటర్లు. తీరిగ్గా నడిచినా మూడు గంటల దారి. ఆ దారి నడవడానికి అతనికి 3,062 సార్లు బంతి పట్టుకుని మనుషుల గోడ మీదికి వెళ్లవలసి వచ్చింది, పదేళ్లు పట్టింది. ఇలా చెబితే, ఆ ఆట ఒక్కసారీ చూడని మీ అమ్మగారికి కూడా దాని బరువు తెలుస్తుంది. చెడుగుడుతో పోల్చావు చూడు, అది సగమే అతుకుతుంది. కూతకు వెళ్లినవాడు ఒంటరివాడు. శాండర్స్‌లా బంతితో పరిగెత్తే ఆటగాడికి, అంటే రన్నింగ్ బ్యాక్‌కు, దారి చేయడానికి ముందు వరుసలో ఐదుగురు ఉంటారు, వాళ్లు చేసిన సందు రెప్పపాటులో మూసుకుపోతుంది. శాండర్స్ ప్రత్యేకత ఆ సందు మూసుకుపోయాక మొదలయ్యేది. ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి, నేలకు దగ్గరగా వంగి, నిలబడ్డ చోటే ఆగి, వెనక్కు తిరిగి, మైదానం అవతలి వైపుకు దారి వెతికేవాడు. పోలిక ఉంచుకో, కానీ అది ఎక్కడ తెగుతుందో కూడా చెప్పు.

అలా వెనక్కు తిరగడానికి మూల్యం ఉండేది. ముందుకు రెండు గజాలు దొరికే చోట అతను అవతలి వైపు వెతికి మూడు గజాలు పోగొట్టుకున్న సందర్భాలు లెక్కలేనన్ని. 1994 సీజను ప్లేఆఫ్‌లో, అంటే సీజను చివర జరిగే నాకౌట్ మ్యాచ్‌లో, గ్రీన్ బేలో, పదమూడు సార్లు బంతి పట్టి అతను చేసింది మైనస్ ఒక గజం. అంటే మొదలుపెట్టిన చోటికి ఒక గజం వెనుక తేలాడు. నువ్వు దీన్ని వదిలేశావు, అభిమానం అడ్డొచ్చి ఉంటుంది. ఇది లేకపోతే 1997లో చేసిన 2,053 గజాలకు రుచి రాదు. ఆ ఏడాది కూడా మొదటి రెండు మ్యాచ్‌లు కలిపి అతనికి దొరికింది 53 గజాలే. ఆ తరువాత వరసగా పద్నాలుగు మ్యాచ్‌లలో ప్రతిదానిలోనూ నూరు దాటాడు. ‘విజయ పరంపర’ అని రాసిన చోట ఆ 53తో మొదలుపెట్టు.

ఆ సీజను చివరి మ్యాచ్ దగ్గర మరీ జాగ్రత్త కావాలి. 1997 డిసెంబరు 21న న్యూయార్క్ జెట్స్ జట్టు మీద శాండర్స్ రెండు వేల గజాలు దాటిన ఆటలోనే, సహచరుడు రెజ్జీ బ్రౌన్ మెడ దగ్గర వెన్నుపాముకు దెబ్బ తగిలి మైదానంలో చలనం లేకుండా పడిపోయాడు. అక్కడే గుండె మీద నొక్కి ఊపిరి పోయవలసి వచ్చింది. అతను తరువాత నడవగలిగాడు గానీ మళ్లీ ఆడలేదు. నువ్వు రికార్డుకు రెండు పేజీలిచ్చి బ్రౌన్‌ను ఒక చిన్న పేరాలో సరిపెట్టావు. ఆ రెండూ ఒకే పేరాలో ఉండాలి, ఎందుకంటే ఆ మధ్యాహ్నం ఆ స్టేడియంలో కూర్చున్నవాళ్లు రెండింటినీ కలిపే చూశారు.

ఇక ఫ్యాక్స్ సంగతి. 1999 జులైలో, శిక్షణ శిబిరం మొదలవబోతుండగా, సొంత ఊరు విచిటా పత్రికకు ఒక ఫ్యాక్స్ పంపి ఆట మానేశాడు. అప్పటికి కెరీర్ మొత్తంలో అత్యధిక గజాలు పరిగెత్తిన వాల్టర్ పేటన్ రికార్డుకు 1,457 గజాల దూరంలో ఉన్నాడు. అతని లెక్కన ఒక్క సీజను పని. ఉండాలన్న కోరిక కన్నా వెళ్లిపోవాలన్న కోరిక బలంగా ఉందన్నది అందులోని సారాంశం. దీనికి నువ్వు ఒక కారణం కల్పించావు: జబ్బుతో ఉన్న పేటన్ మీద గౌరవంతో ఆగిపోయాడని. వినడానికి బాగుంది, తీసెయ్. గెలవాలన్న పట్టుదల జట్టులో సడలిపోయిందన్న నిరాశను అతనే తరువాత తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. నేనూ ఒకప్పుడు, ఆట మధ్యలో వదిలేసిన ఒక కబడ్డీ ఆటగాడి గురించి రాస్తూ, ప్రేమ విఫలమైందని కథకు సరిపడా కారణం అల్లాను. కొన్నాళ్లకు ఆయన కనిపించి, ‘మోకాలండీ’ అని ఒక్క మాట అని టీ తాగి వెళ్లిపోయాడు. శాండర్స్ వద్దన్న ఆ పది గజాలనూ ఈ 1,457 గజాలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టు. మధ్యలో నీ వ్యాఖ్య వద్దు.

చివరగా ఒక తప్పు. లయన్స్ ఇప్పుడు ఆడే ఫోర్డ్ ఫీల్డ్ స్టేడియం ముందున్న అతని విగ్రహాన్ని వర్ణించి, ‘తాను ఏలిన మైదానం ముందే నిలబడ్డాడు’ అని ముగించావు. విగ్రహం పెట్టింది 2023లో. ఆ స్టేడియం తెరిచింది 2002లో, అతను ఆట మానేసిన మూడేళ్లకు. అతను ఆడింది డెట్రాయిట్ దగ్గరి పాంటియాక్‌లో, సిల్వర్‌డోమ్ అనే పాత స్టేడియంలో, దాన్ని పడగొట్టేశారు. ఇప్పుడు ఆ స్థలంలో అమెజాన్ వాళ్ల గోదాము ఉంది. మీ ఇంటి నుంచి కారులో అరగంట దారి కదా, ఒక ఆదివారం వెళ్లి రోడ్డు మీద నిలబడి చూసి, ఏం కనిపించిందో రాసి పంపు. ముగింపు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ అన్నయ్య