ఫిల్మ్ ఫెస్టివల్ బాధ్యత తీసుకున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఇన్నాళ్లూ మీరు కాలేజీ హాల్లో సినిమాలు వేసుకున్నారు. చూసేవాళ్లు విద్యార్థులు, అధ్యాపకులు, మహా అయితే తల్లిదండ్రులు. అలాంటి ప్రదర్శనలకు హక్కుదారు అనుమతి అక్కర్లేదని 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. ఇప్పుడు విజయవాడలో హాలు అద్దెకు తీసుకుని, టికెట్టు పెట్టి, ఊరందరినీ పిలుస్తున్నామని రాశావు. చాలా సంతోషం. కాని ఆ వెసులుబాటు ఇక మీకు వర్తించదని కమిటీలో అందరికీ ముందే చెప్పు.

దర్శకుడు ఫోనులో సరేనన్నాడని ఊరుకోకు. మన చట్టం ప్రకారం సినిమాకు కర్త నిర్మాత. లఘుచిత్రాల్లో ఇద్దరూ ఒకరే కావచ్చు. కాని ఏదైనా ఫిల్మ్ స్కూలు తీయించిందైతే, లేదా ఓటీటీకి అమ్మేసి ఉంటే, దర్శకుడి మాటకు విలువ ఉండదు. హక్కు ఉన్నవారి సంతకంతో అనుమతి కాగితం కావాలి. ఎన్నిసార్లు వేస్తారు, ఎక్కడ వేస్తారు, ప్రచారానికి ఎన్ని నిమిషాల ముక్క వాడుకుంటారు అన్నవి ఆ కాగితంలోనే రాయించు. యూట్యూబ్‌లో అందరికీ కనిపిస్తోంది కదా అని ఎవరైనా అంటే వినకు. ఇంట్లో చూడడానికి పెట్టిన సినిమాను హాల్లో వేయడానికి విడిగా అడగాలి. సెన్సార్ సర్టిఫికెట్ లేని చిత్రాలకు కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి తెచ్చుకునే మినహాయింపు కూడా వేరే సంగతే. అది చేతిలో ఉన్నంత మాత్రాన కాపీరైట్ అనుమతి వచ్చినట్టు కాదు.

అసలు చిక్కంతా సంగీతంతో వస్తుంది. కుర్రవాళ్లు ఎంతో కష్టపడి సినిమా తీస్తారు. తీరా క్లైమాక్సులో తమకిష్టమైన పాత సినిమా పాట పెట్టి, చివర్లో ‘కృతజ్ఞతలు’ అని పేరు వేస్తారు. పేరు వేసినంత మాత్రాన అనుమతి తీసుకున్నట్టు కాదు. పది సెకన్లు వాడుకోవచ్చన్న నియమం మన చట్టంలో ఎక్కడా లేదు. పైగా ఒక్క పాటలో సాహిత్యం, బాణీ, రికార్డింగు అని మూడు హక్కులుంటాయి, అవి ముగ్గురి చేతుల్లో ఉండవచ్చు. 1960లో విడుదలైన సినిమా హక్కు 2020 డిసెంబరు 31తో తీరిపోయింది. కాని అందులోని పాట రాసిన కవి పోయి 60 ఏళ్లు దాటకపోతే ఆ సాహిత్యం మీద హక్కు ఇంకా ఉన్నట్టే.

అందుకే ఎంట్రీ ఫారంలో ‘అన్ని అనుమతులూ ఉన్నాయి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకు. ఒక పట్టిక అడుగు: ఎన్నో నిమిషంలో ఏ సంగీతం వస్తుంది, ఎవరిది, అనుమతి ఎవరిచ్చారు. టీకొట్టు దృశ్యంలో గోడ మీది బొమ్మ కనిపిస్తే ఫర్వాలేదు, నేపథ్యంలో అనుకోకుండా పడే కళాకృతులను చట్టం మినహాయించింది. అదే టీకొట్టు రేడియోలో పాట స్పష్టంగా వినిపిస్తే ఆ మినహాయింపు దానికి రాదు. దీన్ని ఎంపికకు ముందే పట్టుకుంటే, ఆ పిల్లలు వేరే సంగీతం వేసుకుని మళ్లీ పంపగలరు. ఎంపికయ్యాక చెబితే వాళ్ల మనసు విరిగిపోతుంది.

ఇంత చేసినా, తెల్లవారితే ప్రదర్శన అనగా రాత్రి ఒక మెయిల్ రావచ్చు: ‘నా కథ దొంగిలించారు, ఆపండి.’ కంగారు పడకు, కోప్పడకు. ఏ చిత్రం, ఏ భాగం, ఆయన హక్కుకు రుజువేమిటి అని మర్యాదగా రాతలో అడుగు. అదే గంటలో చిత్రం పంపినవారికీ తెలియజేయి. ఆలోచన ఒకటే అయినంత మాత్రాన కాపీ కాదని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. ఆ ఆలోచనను చెప్పిన తీరును ఎత్తుకున్నారా అన్నదే చూస్తారు. అయినా తేల్చడం మీ పని కాదు. ఫిర్యాదుదారు సీన్లు, తేదీలు చూపించి, అవతలివాళ్ల దగ్గర జవాబు లేకపోతే ఆ చిత్రాన్ని పక్కన పెట్టు. ఊరికే బెదిరింపులే వస్తుంటే లాయరుకు చూపించు. ఆధారం లేని బెదిరింపుల మీద కోర్టుకు వెళ్లే దారి 60వ సెక్షన్‌లో ఉంది. కోర్టు ఉత్తర్వే వస్తే మారుమాట లేకుండా ఆపేయి.

ఫిర్యాదు వచ్చిందని హాలు యజమానికి దాచకు. ఉల్లంఘన అని తెలిసీ లాభం కోసం చోటిస్తే 51వ సెక్షన్ కింద ఆయనా బాధ్యుడవుతాడు. తెలిసి చేసినవారికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు శిక్ష చట్టంలో ఉంది. కమిటీ తరఫున జవాబులన్నీ ఒక్కరే రాయాలి. ఫేస్‌బుక్‌లో ఎవరూ నోరు జారకూడదు. ఆ చిత్రం తీసినవాడు దొంగో కాదో తేలకముందే అతని పేరు బజారున పడితే, తరవాత నిర్దోషి అని తేలినా ఆ మచ్చ పోదు. ఫిర్యాదు చేసినవాడూ నిజంగా మోసపోయిన రచయిత కావచ్చు. ఇద్దరితోనూ ఒకే గౌరవంతో మాట్లాడు.

ఉత్సవం అయిపోయిన మర్నాడే ల్యాప్‌టాపుల్లో, పెన్‌డ్రైవుల్లో ఉన్న చిత్రాలన్నీ తీసేయించు, హార్డ్‌డిస్కులు పంపినవారికి తిప్పి పంపించు. వాలంటీర్లలో ఒక్కడు స్నేహితుడికి కాపీ ఇచ్చినా అది మీ చేతి మీదుగా బయటికి పోయినట్టే. అనుమతి పత్రాలు మాత్రం పారేయకుండా ఒక ఫైలులో పెట్టి, వచ్చే ఏడాది కమిటీకి అప్పగించు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న